అంతరిక్షమంటే ప్రాణమైన అమ్మానాన్నలతో డాబా మీద ఆకాశం: మొదటి రాత్రి నుంచి ఏడాది పొడవునా

1979 జులైలో అమెరికా అంతరిక్ష కేంద్రం స్కైలాబ్ ఎక్కడ పడుతుందోనని బెంగటిల్లిన తరం, 1980 ఫిబ్రవరి 16న గ్రహణంతో పట్టపగలు చీకటి పడటం చూసిన తరం, 1984లో రాకేశ్ శర్మ వార్తలు రేడియోలో విన్న తరం ఇప్పుడు అరవైకి అటూ ఇటూ ఉంది. వాళ్ళలో చాలామందికి అంతరిక్షం మీద మక్కువ పేపరు కటింగుల్లోనే, టీవీ ముందే ఉండిపోయింది. పిల్లలు సంపాదనలో పడ్డాక ఆ ముచ్చట తీర్చాలని పుట్టినరోజుకో షష్టిపూర్తికో టెలిస్కోప్ కొనిపెడతారు. నెల తిరక్కుండానే అది అటకెక్కుతుంది.

అటకెక్కడానికి కారణాలున్నాయి. చవక టెలిస్కోపులకు కాళ్ళు సన్నగా ఉంటాయి. వంద రెట్లు పెద్దది చేసి చూపిస్తున్నప్పుడు వేలు తగిలినా బొమ్మ కొన్ని సెకన్లు ఊగుతూనే ఉంటుంది. భూమి తిరుగుతోంది కాబట్టి గురుడు దొరికినా రెండు నిమిషాల్లో అద్దం దాటి పోతాడు. మళ్ళీ వెతకాలి, వంగి చూడాలి, మెడ పట్టేస్తుంది. పైగా ఒకరు చూస్తుంటే మిగతా వాళ్ళు వరసలో నిలబడాలి.

ఇంటిల్లిపాదికీ అలవాటుగా మారాలంటే కావలసినవి వేరు: నడుం వాల్చే కుర్చీ, మంచి బైనాక్యులర్, గోడకున్న తెలుగు క్యాలెండర్, వారంలో ఒక సాయంత్రం. ఆ సాయంత్రానికి పెద్దరికం అమ్మదో నాన్నదో కావాలి. ఏం చూడాలో, ఏ వరసలో చూడాలో వాళ్ళే చెప్పాలి. మనం సామాను మోయాలి.

బైనాక్యులర్ ఎంపిక

10×50 అని రాసి ఉన్నది తీసుకోండి. పది రెట్లు దగ్గరగా చూపిస్తుందని, ముందు లెన్సు వెడల్పు 50 మిల్లీమీటర్లని అర్థం. 50ని 10తో భాగిస్తే 5 వస్తుంది. కంటి వైపు వచ్చే వెలుగు బిళ్ళ వెడల్పు అన్ని మిల్లీమీటర్లు. కుర్రవాళ్ళ కంటిపాప చీకట్లో 7 మిల్లీమీటర్ల దాకా తెరుచుకుంటుంది కానీ, అరవై దాటిన వాళ్ళలో చాలామందికి 5 దగ్గరే ఆగుతుంది. అందుకే 7×50 తెచ్చే వెలుగులో కొంత వాళ్ళ కంటిలోకే వెళ్ళదు. జూమ్ ఉన్నవీ, ముందు లెన్సు ఎర్రగా మెరిసేవీ వద్దు.

కొట్లోనో, పార్సిల్ విప్పగానే ఇంట్లోనో ఈ నాలుగు పరీక్షలు చేయండి.

1. చేయి చాచి పట్టుకుని, ముందు లెన్సుల్ని వెలుగు వైపు తిప్పి, కంటి వైపు లెన్సుల్ని దూరం నుంచే చూడండి. వెలుగు బిళ్ళలు గుండ్రంగా ఉండాలి. అంచులు బూడిద రంగులో నలుచదరంగా తెగినట్టుంటే లోపలి ప్రిజం నాసిరకం.
2. మెల్లగా ఊపండి. లోపల గలగల వినిపించకూడదు.
3. దూరాన ఉన్న సెల్ టవర్ దీపాన్ని రెండు కళ్ళతో చూడండి. దీపం రెండుగా కనిపించినా, రెండు నిమిషాలకే కళ్ళు లాగినా రెండు గొట్టాలూ ఒకే దిక్కుకు చూడటం లేదన్నమాట. ఇంట్లో బాగుచేసే పని కాదు, తిరిగి ఇచ్చేయండి.
4. అమ్మ గానీ నాన్న గానీ కళ్ళజోడుతోనే చూడాల్సి వస్తే, కంటికీ లెన్సుకీ మధ్య ఉంచదగ్గ దూరం 15 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. పెట్టె మీద ‘ఐ రిలీఫ్’ అని రాసి ఉంటుంది.

కళ్ళజోడు ఎవరికి అవసరమన్నది కూడా తేల్చుకోవాలి. దగ్గరి చూపుకో దూరపు చూపుకో మాత్రమే అద్దాలుంటే తీసేసి చూడొచ్చు, ఫోకస్ చక్రం సరిచేస్తుంది. సిలిండర్ పవర్ ఎక్కువున్న వాళ్ళు తీయకూడదు, చుక్క చీలికలుగా కనిపిస్తుంది. అద్దాలు పెట్టుకున్నా, ఏ బైనాక్యులర్‌తో చూసినా చుక్కల చుట్టూ చందమామకు గుడి కట్టినట్టు వలయం కనిపిస్తోందని పెద్దవాళ్ళు చెబితే లోపం పరికరంలో వెతక్కండి. శుక్లం మొదలై ఉండొచ్చు, కంటి డాక్టరుకు చూపించండి.

కుర్చీ, కర్ర, మంచం

10×50 బరువు ఇంచుమించు కిలో ఉంటుంది. చేత్తో పట్టుకుంటే నిమిషానికే చేతులు వణుకుతాయి, ఆ వణుకు పది రెట్లై కనిపిస్తుంది. ఎక్కువమంది విసుగెత్తేది ఇక్కడే కాబట్టి బైనాక్యులర్‌ను మోసే కర్ర తయారీకి ఒక ఆదివారం కేటాయించండి.

ప్లంబింగ్ సామాను కొట్లో ఒక అంగుళం పీవీసీ గొట్టం ఒక మీటరు, ఒక టీ-జాయింటు, రెండు ఎండ్ క్యాపులు తీసుకోండి. వెల్క్రో పట్టీలు రెండు, పాత యోగా చాప ముక్క కూడా కావాలి. పెద్దవాళ్ళను పడక కుర్చీలో వాలి కూర్చోమని, సీటు దగ్గర నుంచి కంటి దాకా టేపుతో కొలవండి. అందులో 5 సెంటీమీటర్లు తీసేసి నిలువు గొట్టం కోయండి. అడ్డ గొట్టం జాయింటుకు రెండు వైపులా 8 సెంటీమీటర్ల చొప్పున చాలు. అడ్డ గొట్టానికి చాప ముక్క చుట్టి, బైనాక్యులర్ పొట్ట భాగాన్ని దాని మీద ఆనించి రెండు పట్టీలతో కట్టండి. పట్టీలు మరీ బిగించకండి. బైనాక్యులర్ ఆ గొట్టం మీద పైకీ కిందికీ తిరగాలి. మెడపట్టీ మాత్రం మెడలోనే ఉండాలి, పట్టీ ఊడితే అదే కాపాడుతుంది.

కర్ర అడుగు సీటు మీద తొడల మధ్య ఆనుతుంది, బరువంతా కుర్చీ మోస్తుంది. తల ఎత్తకుండానే కళ్ళు లెన్సులకు అందాలి. మెడ సాచాల్సి వస్తే కర్ర ఎక్కువైనట్టు. రెండేసి సెంటీమీటర్ల చొప్పున తగ్గించండి, ఒకేసారి కోసేస్తే మళ్ళీ గొట్టం కొనాలి.

నడినెత్తిన ఉన్నవాటికి కుర్చీ కూడా సరిపోదు. అప్పుడు నవారు మంచం వేసి, రెండు మోచేతుల కింద రెండు దిండ్లు పెట్టండి. జనవరి సాయంత్రాల్లో ఎనిమిదింటికి పిల్లలకోడి (కృత్తికలు) మన నెత్తికి దగ్గరగా ఉంటుంది. మంచం మీద పడుకుని చూస్తే ఆ నీలి చుక్కల గుంపు మొత్తం ఒకే చూపులో పడుతుంది. కంటికి ఆరేడు కనిపించే చోట పదుల్లో కనిపిస్తాయి.

డాబా సిద్ధం చేయడం

వెలుతురు ఉండగానే కుర్చీలు వేసేయండి. మెట్ల అంచులకు తెల్ల టేపు అంటించండి. బట్టలారేసే తీగలు విప్పండి, చీకట్లో సరిగ్గా మెడకే తగులుతాయి. పిట్టగోడ తక్కువగా ఉంటే కుర్చీలు దానికి కనీసం ఆరడుగుల లోపలికి ఉండాలి, పైకి చూస్తూ వెనక్కి నడిచే అలవాటు అందరికీ ఉంటుంది. వీధి దీపం పడే వైపు దుప్పటి ఆరేస్తే మంచి నీడ.

చీకటికి కళ్ళు అలవాటు పడటానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. ఒక్క సెకను ఫోన్ వెలుగు ఆ కష్టాన్ని పోగొడుతుంది. టార్చికి ఎర్ర సెల్లోఫేన్ కాగితం మూడు మడతలు వేసి రబ్బరు బ్యాండు చుట్టండి. ఆకాశం చూపే యాప్‌ని ఎర్ర రంగు రాత్రి పద్ధతిలో పెట్టి ఒక్కరే వాడాలి, మిగతా ఫోన్లు కింద.

దోమల క్రీము రాసుకున్న చేతులతో బైనాక్యులర్ ముట్టుకోవద్దు, ఆ మందుల్లో కొన్ని ప్లాస్టిక్‌నీ లెన్సు పూతనీ తినేస్తాయి. ఏసీ గదిలోంచి తెచ్చిన బైనాక్యులర్‌కి తీర ప్రాంతాల్లో క్షణాల్లో తేమ పడుతుంది. అరగంట ముందే సంచిలో పెట్టి, జిప్ మూసి, బయట ఉంచండి. తేమ పడితే తుడవకుండా ఆరనివ్వండి.

సూర్యుడు పూర్తిగా అస్తమించాక ఇరవై నిమిషాలు ఆగి గానీ బైనాక్యులర్ మూతలు తీయకండి. సూర్యుడి మీదికి ఒక్కసారి తిరిగినా చూపు పోతుంది. పిల్లలున్న ఇంట్లో ఈ నియమానికి మినహాయింపు లేదు.

మొదటి రాత్రి: శుక్ల పంచమి

పున్నమి రాత్రి మొదలుపెట్టడమే అందరూ చేసే పొరపాటు. ఎండ నిట్టనిలువుగా పడే పున్నమి చంద్రుడి మీద నీడలుండవు, గుంటలు తెలియవు. క్యాలెండర్‌లో శుక్ల పంచమో షష్ఠో వెతకండి. చంద్రుడు పొద్దుగూకాక సుమారు నాలుగు గంటలు ఉంటాడు, వెలుగూ చీకటీ కలిసే గీత దగ్గర నీడలు పొడుగ్గా ఉంటాయి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా వచ్చే పంచమిలు మేలు, వానాకాలంలో మొదలుపెడితే మబ్బులకే ఉత్సాహం చల్లారుతుంది.

ముందు ఫోకస్. రెండు గొట్టాల్నీ దగ్గరికి దూరానికి జరిపి రెండు వలయాలూ ఒకటయ్యేలా చూడండి. కుడి లెన్సుకు మూత పెట్టి, నడిమి చక్రం తిప్పుతూ ఎడమ కంటితో చుక్కను సూదిమొన లాగా చేయండి. తర్వాత ఎడమ లెన్సు మూసి, కుడి కంటి దగ్గరున్న వలయాన్ని మాత్రమే తిప్పండి. ఆ వలయం మీద అంకె ఎక్కడుందో పెయింటు చుక్కతో గుర్తు పెట్టుకోండి. పెద్దవాళ్ళకు ఒక రంగు, పిల్లలకు ఇంకొకటి పెడితే చేతులు మారినప్పుడల్లా మొదటి నుంచి సరిచేసే పని తప్పుతుంది.

ఇక చంద్రుడు. పడమటికి వాలిన చంద్రుడి వెలుగు అంచు కిందికి ఉంటుంది. చంద్రుడి ఉత్తరం దాదాపు మన కుడి చేతి వైపు, దక్షిణం ఎడమ వైపు. చంద్ర పటాల్లో ఉత్తరం పైకి గీస్తారు కాబట్టి పటాన్ని గడియారం ముల్లు తిరిగే దిక్కుకు పావు వంతు తిప్పి పట్టుకోండి. ఇది తెలియక అరగంట వెతికి వదిలేసే వాళ్ళున్నారు.

మొదట వెలుగు అంచు దగ్గర కోడిగుడ్డు ఆకారంలో నల్ల మచ్చ చూడండి, దాని పేరు ‘మారే క్రైసియం’ (Mare Crisium). అక్కడి నుంచి చీకటి గీత వైపు వస్తే ఇంకో పెద్ద నల్లటి మైదానం ఉంటుంది. 1969లో అపోలో 11 దిగింది అందులోనే. షష్ఠి నాటికి ఆ చోటు వెలుగులోకి వస్తుంది. చంద్రయాన్-3 విక్రమ్ దిగింది ఎడమ అంచుకు దగ్గర, 69 డిగ్రీల దక్షిణ అక్షాంశం మీద. ల్యాండర్ ఏ బైనాక్యులర్‌కీ కనిపించదు, గుంటలతో గరుకుగా ఉన్న ఆ ప్రాంతం కనిపిస్తుంది. 2023 ఆగస్టు 23 సాయంత్రం 6:04కి అది దిగినప్పుడు తిథి నిజ శ్రావణ శుద్ధ సప్తమి. అంటే ఏ నెలలోనైనా శుక్ల సప్తమి నాడు చూస్తే, ఆ సాయంత్రం ఉన్న వెలుగే ఇంచుమించు ఆ నేల మీద ఉంటుంది. ఆ మాట చెప్పి బైనాక్యులర్ అమ్మ చేతికివ్వండి, చాలాసేపు తిరిగి ఇవ్వరు.

మొదటి రాత్రి గంటకు మించొద్దు. లేచేటప్పుడు పెద్దవాళ్ళు అరనిమిషం కూర్చుని లేవాలి, పడుకుని చూసి చటుక్కున లేస్తే కళ్ళు తిరుగుతాయి.

వయసు నక్షత్రం

పిల్లల్ని పట్టి ఉంచే ఆట ఇది. ఎవరి వయసు ఎంతో, అన్ని కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న చుక్కను వెతకాలి. ఈ రాత్రి కంట పడే వెలుగు వాళ్ళు పుట్టిన రోజుల్లో అక్కడి నుంచి బయలుదేరింది.

లుబ్ధకం (సిరియస్) ఎనిమిదిన్నర కాంతి సంవత్సరాల దూరం, మూడో తరగతి పిల్లలకు సరిపోతుంది. శ్రవణం (ఆల్టెయిర్) 17, ఇంటర్ చదివే వాళ్ళది. అభిజిత్ (వేగా) 25. పునర్వసు జంటలో కాస్త పసుపుగా, ఎక్కువ వెలుగుగా ఉన్నది (పోలక్స్) 34, స్వాతి (ఆర్క్‌ట్యూరస్) 37, బ్రహ్మహృదయం (కాపెల్లా) 43. రోహిణి (ఆల్డెబరాన్) సుమారు 65, మఖ (రెగ్యులస్) 79. దూరాల కొలతల్లో ఏడాది రెండేళ్ళు అటూ ఇటూ ఉంటుంది, ఆటకు అడ్డం కాదు.

రోహిణిని పట్టడం తేలిక. డిసెంబరు నుంచి మార్చి దాకా సాయంత్రాలు మూడు చుక్కల గొల్లకావడి (ఓరియన్ బెల్ట్) గీతను పిల్లలకోడి వైపు పొడిగించండి, దారిలో నారింజ రంగులో మెరిసేది రోహిణి. అదే గీతను రెండో వైపు పొడిగిస్తే లుబ్ధకం. అంటే తాతయ్య చుక్కకూ మనవరాలి చుక్కకూ నడుమ గొల్లకావడి ఉంది. మఖ ఫిబ్రవరి నుంచి మే దాకా, స్వాతి ఏప్రిల్ నుంచి ఆగస్టు దాకా, అభిజిత్, శ్రవణం ఆగస్టు నుంచి నవంబరు దాకా సాయంత్రాలు దొరుకుతాయి.

ఉత్తరాన సప్తర్షుల్లో వశిష్ఠుడి పక్కన అరుంధతిని ఏప్రిల్ నుంచి జూన్ దాకా చూడొచ్చు. పెళ్ళినాడు పగటిపూట పురోహితుడు చూపించిన వైపు చూసి తలూపిన దంపతులు ఇప్పుడు నిజంగా చూస్తారు. ధ్రువుడు మాత్రం మనకు బాగా కిందికి ఉంటాడు. చేయి చాచి పిడికిలి బిగిస్తే దాని వెడల్పు సుమారు పది డిగ్రీలు. హైదరాబాదులో, విశాఖలో ధ్రువుడు నేల నుంచి రెండు పిడికిళ్ళ లోపే, తిరుపతిలో ఒకటిన్నర కన్నా తక్కువ. న్యూజెర్సీలో కొడుకు దగ్గరికి వెళ్ళిన అమ్మానాన్నలకు నాలుగు పిడికిళ్ళ ఎత్తున ఉంటాడు. మన దగ్గర చలికాలంలో దక్షిణాన మెరిసే అగస్త్యుడు (కానోపస్) అక్కడ అసలు ఉదయించడు. వీడియో కాల్‌లో రెండిళ్ళ వాళ్ళూ పిడికిళ్ళు లెక్కపెట్టి అంకెలు పోల్చుకుంటే భూమి గుండ్రనిదని ఇంటి కొలతలతోనే తేలుతుంది.

గురుడి నోటుపుస్తకం

గురుడు సూర్యుణ్ణి చుట్టడానికి సుమారు పన్నెండేళ్ళు, ఏడాదికి ఒక రాశి. పుష్కరాల లెక్క ఇదే. సింహంలోకి వస్తే గోదావరికి, కన్యలోకి వస్తే కృష్ణకు; అందుకే అవి 2015లో, 2016లో వరసగా వచ్చాయి. పంచాంగంలో గురుడు ఏ రాశిలో ఉన్నాడో చూస్తే ఆకాశంలో ఎక్కడ వెతకాలో తెలుస్తుంది.

గళ్ళ నోటుపుస్తకంలో పేజీకి పది అడ్డగీతలు గీసి, ప్రతి గీత మధ్యలో ఒక సున్నా పెట్టండి, అదే గురుడు. కర్ర మీద కదలకుండా నిలిపిన 10×50లో గురుడికి రెండు పక్కలా ఒకే వరసలో చిన్న చుక్కలు కనిపిస్తాయి, అవి గురుడి చందమామలు. ఎటు, ఎంత దూరంలో ఉన్నాయో పెట్టండి, తేదీ, వేళ రాయండి. వరసగా పదిహేను రాత్రులు, రోజూ ఒకే వేళకు. బాగా దూరం పోయి తిరిగొచ్చేది కాలిస్టో, దాని చుట్టు 16.7 రోజులు. గానిమీడ్‌కు 7.15 రోజులు. అయో, యూరోపా గురుడికి దగ్గరగా ఉండి వెలుగులో కలిసిపోతాయి, రోజూ కనిపించలేదని దిగులొద్దు. మబ్బు పట్టిన రాత్రి గీతను ఖాళీగా వదలండి, ఊహించి నింపితే లెక్క చెడిపోతుంది.

స్పేస్ స్టేషన్ దాటే సాయంత్రం

నాసా వారి స్పాట్ ద స్టేషన్ యాప్‌లో మీ ఊరు పెడితే వేళ, దిక్కు, ఎత్తు చెబుతుంది. ఎత్తు 40 డిగ్రీలకు, అంటే నాలుగు పిడికిళ్ళకు, మించినవే ఎంచుకోండి. తక్కువైతే ఇళ్ళ వెనకే దాటిపోతుంది. వరసగా కొన్ని రోజులు కనిపించి తర్వాత వారాల తరబడి కనిపించకపోవడం మామూలే. పొద్దుగూకాక గానీ తెల్లవారే ముందు గానీ మాత్రమే కనిపిస్తుంది. అప్పుడే కింద మనకు చీకటి, 400 కిలోమీటర్ల పైన దానికి ఎండ.

పడమటి వైపు నుంచి తూర్పు వైపుకు, మినుకు లేకుండా, చప్పుడు లేకుండా వెళ్తుంది. ఎర్ర, ఆకుపచ్చ దీపాలు వెలిగి ఆరుతుంటే అది విమానం. నడి ఆకాశంలో హఠాత్తుగా మాయమైతే కంగారు పడకండి, భూమి నీడలోకి వెళ్ళింది. ఆరు నిమిషాలు కనిపిస్తే ఆలోగా సుమారు 2,750 కిలోమీటర్లు పోయినట్టు. శ్రీనగర్ నుంచి కన్యాకుమారికి నేరుగా గీత గీస్తే ఇంచుమించు అంత. 2025 జూన్, జులైల్లో మన వ్యోమగామి శుభాంశు శుక్లా ఉన్నది అందులోనే.

స్టేషన్ కోసం ఎదురుచూసే పావుగంటలో ఫోన్ బోర్లా పెట్టి రికార్డింగ్ ఆన్ చేయండి. స్కైలాబ్ అప్పుడు ఊళ్ళో ఏమనుకున్నారు? 1980 గ్రహణం రోజు బయటికి రానిచ్చారా? హేలీ తోకచుక్కను 1986లో చూశారా? ఒక్కో రాత్రికి ఒక్క ప్రశ్న చాలు. ఎదురుగా కూర్చుని అడిగితే రాని మాటలు చీకట్లో వస్తాయి.

శ్రీహరికోట

సూళ్ళూరుపేట దాటాక ఉన్న శ్రీహరికోటలో జనం కూర్చుని ప్రయోగం చూసే గ్యాలరీ 2019 నుంచి ఉంది. ప్రయోగానికి కొన్ని రోజుల ముందు ఇస్రో వెబ్‌సైటులో పేర్లు తీసుకుంటారు, సీట్లు త్వరగా అయిపోతాయి. వచ్చే ప్రతి ఒక్కరి గుర్తింపు కార్డు అంకెలూ ముందే ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. నమోదులో ఇచ్చిన కార్డే వెంట ఉండాలి.

తిరుగు ప్రయాణం టికెట్టు మర్నాటికి పెట్టుకోండి, చివరి నిమిషంలో వాయిదా పడటం తరచూ జరుగుతుంది. గంటల ముందే చేరాల్సి ఉంటుంది కాబట్టి పెద్దవాళ్ళ మాత్రలు, నీళ్ళు, టోపీ, చిన్న దిండు తప్పనిసరి. మంట ముందు కనిపిస్తుంది, చప్పుడు కిలోమీటరుకు మూడు సెకన్ల చొప్పున ఆలస్యంగా వచ్చి ఛాతీకి తగులుతుంది. మంట కనిపించగానే పిల్లల చేత లెక్కపెట్టిస్తే గ్యాలరీకీ రాకెట్‌కీ ఎంత దూరమో వాళ్ళే చెబుతారు. ఫోన్‌లో వీడియో తీసే పని ఒక్కరికే అప్పగించండి, అమ్మానాన్నలకు మాత్రం వద్దు.

దాచడం

మన వాతావరణంలో బైనాక్యులర్‌కి పెద్ద శత్రువు బూజు. లెన్సు లోపల సాలెగూడు తీగల్లా పాకి పూతను కొరికేస్తుంది, ఆ మరకలు మళ్ళీ పోవు. తోలు సంచిలో, బీరువాలో దాచకండి. రబ్బరు అంచున్న గాలి చొరబడని పది లీటర్ల ప్లాస్టిక్ డబ్బాలో వంద గ్రాముల నారింజ రంగు సిలికా జెల్ గుడ్డ మూటగా కట్టి పెట్టండి. గింజలు ఆకుపచ్చగా మారితే తేమ నిండినట్టు. వంటకు వాడని పాత బాణలిలో సన్న సెగ మీద రంగు తిరిగేదాకా వేడి చేసి, మూత బిగించిన సీసాలో చల్లార్చి మళ్ళీ డబ్బాలో వేయండి. జూన్ నుంచి అక్టోబరు దాకా పదిహేను రోజులకోసారి గింజల రంగు చూడాలి. డబ్బా మూత మీద తర్వాతి శుక్ల పంచమి తేదీ రాసి అంటించండి.